కాక సగంలో విడిచిన బీము

కాక చనిపోయాడని ఫోన్లో చెప్పింది ఆయన బిడ్డే. కోరుట్లలో బీడీలు చేస్తుంది. తండ్రిని చూసిపోదామని రెండు రోజుల కిందటే సిరిసిల్ల వచ్చింది. "చెల్లె, బాపు లేస్తలేడే. చాయ్ తీస్కపోయి లేపిన. సల్లగున్నడు" అంది.

నేనప్పుడు మరమగ్గాల కార్ఖానాలో, సరిగ్గా కాక కూర్చునే చోటే నిలబడి ఉన్నాను. ముందురోజు ఆయన సగం అతికిన బీము, నిలువు పోగులు చుట్టిన లావుపాటి కడ్డీ, నా ఎదురుగా ఉంది. "రేపు పగటీలికి అయిపోతది" అని లుంగీ దులుపుకుని వెళ్ళిన మనిషి. చుట్టూ మిగతా సాంచాలు అట్లాగే మోగుతున్నాయి. ఒక్కటీ ఆగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. వైపని కాక. సాంచె మీద పాత బీము అయిపోయినప్పుడు దాని పోగుల కొసలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటే అతకడం వైపని. వేల పోగులుంటాయి. వేళ్ళకు బూడిద అద్దుకుని మెలి తిప్పుతూ పోవాలి. మా దగ్గర అది మగవాళ్ళ పని, ఆడవాళ్ళు కండెలు చుట్టాలి. బడి మానేసి కండెలు చుడుతున్న నేను వైపని నేర్పమంటే షెడ్డంతా నవ్వింది. కాక నవ్వలేదు. నా అరచేయి తిప్పి చూసి, "చెమట పట్టే చెయ్యి గాదు. కూసో" అన్నాడు. అంతే. నాకు కోపం వచ్చి పోగు తెంపినప్పుడల్లా ఒకటే మాట: "గుంజకు బిడ్డా. దాన్ని రానియ్యి."

మీలో చాలామంది ఆ కాకను చూసే ఉంటారు. పాత సినిమాల్లో, పెద్ద పెద్ద కళ్ళతో వెక్కివెక్కి ఏడ్చే పిల్లవాడు. వాడే ఈయన.

కాకది రుద్రంగి. ఏడేళ్ళప్పుడు తల్లితో కలిసి మొక్కు తీర్చడానికి కొండగట్టు పోతే, అక్కడ షూటింగ్ చేస్తున్నవాళ్ళ కంట్లో పడ్డాడు. మద్రాసు తీసుకుపోయారు. నాలుగు సినిమాలు చేశాడు, నాలుగింట్లోనూ ఏడుపే. గొంతు మాత్రం ఆయనది కాదు. మన యాస పనికిరాదని ఇంకో పిల్లవాడితో చెప్పించారు. కళ్ళు పనికొచ్చాయి, మాట పనికిరాలేదు. మూతి మీద నూగు రాగానే రైలెక్కించి పంపేశారు. ఆ తర్వాత బతుకంతా వైపనే.

టీ కొట్టు దగ్గరా, పెళ్ళిళ్ళలోనూ అందరికీ అదే సరదా. "కాకా, ఒక్కపారి ఏడ్వరాదే." ఆయన సాసర్లో టీ ఊదుకుంటూ, "స్టాకు లేదురా, రేపురా" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

అంతకంటే పాడు పని కూడా చేశాను. ఆయన పోగులు అతుకుతుంటే ఫోన్లో తీసి, దాని పక్కన సినిమా ఏడుపు పెట్టి, అడగకుండానే లోకం మీదికి వదిలాను. మూడో రోజుకు జగిత్యాల నుంచి మైకు పట్టుకుని ఇద్దరు దిగారు. "సార్, ఆ సీన్ ఒక్కసారి చేసి చూపిస్తరా?" కాక చేతిలో ఉన్న పోగు అతికాడు. లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వారం రోజులు రాలేదు.

వాళ్ళింటికి పోయాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ ఏడుపు ఎట్లచ్చిందో ఎర్కేనా? డైరెక్టరు నన్ను పక్కకు పిలిచి, మీ ఊరి నుంచి తంతి అచ్చిందిరా, మీ అవ్వ సచ్చిపోయింది అన్నడు. ఏడ్చిన. కెమెరా తిప్పిండ్రు. అయినంక సప్పట్లు కొట్టిండ్రు. అవ్వ బతికే ఉన్నదని రాత్రిదాంక ఎవ్వడు చెప్పలె."

"మళ్ళ సినిమాకు?"

"అయ్య సచ్చిండన్నరు. అబద్ధమని తెల్సు. తెల్సి గూడ ఏడ్చిన."

చాలా ఏళ్ళకు తల్లి నిజంగానే పోయింది. కాక కంట్లో తడి రాలేదు. సినిమాల గంతగనం ఏడ్చినోడు కన్నతల్లికి ఒక్క సుక్క రాల్చలేదని వాడకట్టంతా అంది. "ఉంటె గద రాలేది బిడ్డా. వాళ్ళు ముందుగాల్నే తోడుకపోయిండ్రు" అన్నాడు నాతో.

అక్కడే, ఆయన ముందే నా ఫోన్లోంచి ఆ వీడియో తీసేశాను. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో.

కాక పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. బిడ్డ ఆయనకు ఇష్టమైన సర్వపిండి ఆకులో పెట్టి కాకి కోసం చూస్తోంది. ఇంతలో వాడకట్టు పిల్లలు వాకిట్లో టీవీ పెట్టారు. గోడకు ఫ్లెక్సీ. దాని మీద ఏడేళ్ళ మొహం. పోయింది అరవై ఏళ్ళ మనిషి, బొమ్మలో ఉన్నది ముక్కు కారుతున్న పిల్లవాడు. టీవీలో ఏడుపు మొదలైంది. నేను అతికించిన ముక్కే, అందులో కాక పని చేసేది కోసేసి ఉత్త ఏడుపు ఉంచారు. చుట్టాలు కళ్ళు తుడుచుకుంటున్నారు.

బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "బంద్ చేపియ్యే చెల్లె. సచ్చినంక గూడ ఇడుస్తలేరు."

వైరు పీకేశాను.

"ఏందక్కా గిది? కాకకు ఇజ్జత్ ఇస్తున్నం గద" అన్నాడొకడు.

"అది కాక ఏడుపు గాదు. మీ అవ్వ సచ్చిందని అబద్ధం చెప్పి పోరని తాన గుంజిన ఏడుపు. మీ ఫోన్లల్లకు ఎక్కిచ్చింది నేనే. తప్పు నాది. తియ్యుండ్రి."

వాడే ఫ్లెక్సీ తాడు విప్పుతూ, "మరి ఏ ఫోటో పెడ్దామక్కా?" అన్నాడు మెల్లగా.

పెద్దయ్యాక ఆయన కెమెరా ముందు నిలబడనే లేదు. పని చేస్తున్న కాక ఉన్నది నేను తీసేసిన ఆ వీడియోలోనే.

మర్నాడు పనికి పోతే సేటు, "సాంచె ఆగి నాలుగొద్దులాయె, వేరేటోన్ని పిలుస్త" అన్నాడు.

"నేను కూసుంట."

"నీతోని అయితదా?"

వేళ్ళకు బూడిద అద్దుకుని, కాక సగంలో విడిచిన బీము ముందు కూర్చున్నాను. కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. ఆ రోజు సాయంత్రం దాకా లేవలేదు. తెంపుకున్నాను, మళ్ళీ అతికాను.

సాంచె నడిచాక అతుకుల వరస బట్టలోకి ఎక్కుతుంది. ఆ బెత్తెడు ముక్క కోసి చేతులు తుడుచుకోవడానికి పారేస్తారు. నేను పారెయ్యనివ్వలేదు. బిడ్డకు తీసుకుపోయి ఇచ్చాను. కాక ఫోటో కోసం గోడకు కొట్టిన మేకుకు ఆమె దాన్ని తగిలించింది.

ఇప్పుడూ అక్కడే ఉంది. ఎడమ సగంలో కాక అతుకులు గీత గీసినట్టు సాగుతాయి. కుడి సగంలో నావి లావుగా, ఎగుడు దిగుడుగా ఉంటాయి. నడుమ ఒకచోట ఆయన చివరి పోగు, నా మొదటి పోగు పక్కపక్కనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది.