అన్న కోసం వదిలిన ఆకాశం

నీటిరంగుల్లో తెల్లరంగు వాడకూడదు. తెలుపు కావాలంటే కాగితాన్ని అంటకుండా వదిలేయాలి. హైస్కూల్లో మా డ్రాయింగు సారు ఏడాదంతా నేర్పింది ఈ ఒక్క ముక్కే. నేను డిగ్రీ దాకా చదివి ఆత్మకూరులో ఫ్లెక్సీల డిజైనర్నయ్యాను. ఖాళీ కనబడితే ఊరుకోని పని.

రిటైరయ్యాక సారు ఉదయగిరి కొండను వేశారు. కాగితం పైసగం తడిపి, అంచున పలచటి నీలం తాకించి, అట్టను కాస్త వంచి పట్టుకున్నారు. రంగు దానంతటదే జారింది. మధ్యలో ఒక మబ్బును ఉత్త కాగితంగా మిగిల్చారు. తడి మీదే కొండ వేస్తే పొగలా పాకిపోతుంది, పూర్తిగా ఆరాక వేస్తే కత్తిరించి అంటించినట్టుంటుంది. ఆ రెంటి మధ్య ఘడియ కోసం ఆయన కుంచె పట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని రెండు టీలు తాగాను.

ఆ తర్వాత ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఇక వేయలేరు.

"ఇదొకటే మిగిలిందిరా. నీ మిషన్లో కాపీ తీసి పెట్టు, జాగ్రత్త" అని బొమ్మ నా చేతికిచ్చారు. స్కాన్ తీసి కంప్యూటర్లో పెట్టాను, బొమ్మను షాపులోనే దాచాను. జాగ్రత్తగానే.

కొన్నాళ్ళకు ఎవరో నాయకుడి పుట్టినరోజు. చేజర్ల నుంచి ఆయన అనుచరుడొకడు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఫ్లెక్సీలో వెనక వేయడానికి నేను కంప్యూటర్లో చూపించిన ప్రతి కొండ మీదా తెల్లటి మంచు.

"ఏందన్నా ఇది, మా అన్న స్విట్జర్లాండులో గెలిచినాడా? మన కొండ లేదా?"

నన్నెవరూ బలవంతపెట్టలేదు. సారు బొమ్మ నేనే తెరిచాను.

"అబ్బ! పైన జాగా భలే వదిలినాడే! అన్న కోసమే వదిలినట్టుండాది."

మబ్బులో అన్న తల సరిగ్గా పట్టింది. చుట్టూ నీలంలో పదకొండు చిన్న తలలు పెట్టాను.

మూడోరోజు సారు ఆ ఫ్లెక్సీని బస్టాండు దగ్గర చూసి, నేరుగా షాపుకొచ్చారు. తిడతారనుకున్నాను.

"కొండకి ఎండ ఎడమ పక్కనుంచి పడతా ఉండాదిరా. వాళ్ళ మొగాలకి కుడి పక్కనుంచి పడింది. చూసుకోలా?"

"లేదు సార్."

"మబ్బేమైంది?"

నేను కంప్యూటర్లో ఆయన బొమ్మ ఫైలు తెరిచి, చెక్కుచెదరని మబ్బు చూపించాను.

"తీసెయ్ రా దాన్ని. నా కళ్ళ ముందరే తీసెయ్."

తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి చూపించాను. ఆయన అసలు బొమ్మను పాత పేపర్లో చుట్టుకుంటూ అడిగారు.

"ఇంకేం లేదు గదా?"

"నా దగ్గర లేదు సార్" అన్నాను.

అబద్ధమేమీ కాదు. ఆ పొద్దున్నే ఆ ఫైలును దుత్తలూరు, కలువాయి ఫ్లెక్సీ షాపులవాళ్ళకు వాట్సాప్‌లో పంపేశాను. వాళ్ళ అన్నలకూ ఆకాశం కావాలట.

"మంచిపని చేసినావు" అని సారు నా భుజం తట్టి వెళ్ళిపోయారు.