అబ్బయ్య తొట్టిలో చేపలు

నాచారంలో బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో దోర్కా ఖర్చుల లెక్కలు చూస్తుంది. కాగితం మీదికి రాని ఖర్చు ఎవరో ఒకరి ఒంటి మీదికి వస్తుందని పదేళ్లుగా చెబుతూనే ఉంది. విన్నవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు.

ఈ ఎండాకాలం బోరు ఎండిపోయింది. రోజుకు రెండే ట్యాంకర్లు. ఆ నీళ్లతో నలుపు వేయాలా, పసుపు వేయాలా? ట్యాంకరుకు ఎంత లాభం మిగులుతుందని చూస్తే నలుపే కాస్త ముందుంది. దాని మురుగును శుభ్రం చేసే మందుల ఖర్చు కలిపితే మాత్రం పసుపుదే పైచేయి.

"మందులు బంద్ చేసి నెలైంది మేడం, చేపలు మంచిగనే ఉన్నయ్ కదా" అన్నాడు మేనేజర్ గౌతమ్. "మందుల గడిల సున్నా వేసి సాయంత్రంలోపు సంతకం పెట్టండి. ఎండాకాలమంతా నలుపే నడుపుదాం."

మురుగునీళ్లు శుభ్రమై గొట్టంలోంచి బయటికి పోయేచోట, ఆ నీళ్లతోనే నింపే ఒక గాజు తొట్టి ఉంది. ఆ నీళ్లలో చేపలు బతికితే నీళ్లు మంచివని గుర్తు. ఇరవై ఏళ్లుగా దాన్ని చూసుకునేది అబ్బయ్య.

దోర్కాకు నమ్మబుద్ధి కాక మధ్యాహ్నం అక్కడికి వెళ్లింది. కరెంటు పోయి మోటార్లన్నీ ఆగిపోయాయి. తొట్టిలో ఏడు చేపలు కదలకుండా, తలలన్నీ తలుపు వైపే పెట్టి ఉన్నాయి. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించి ఆమె పక్కకు జరిగింది.

అబ్బయ్య భుజాన మంచినీళ్ల క్యాన్‌తో వచ్చాడు. ఆమె వైపు చూడనైనా చూడకుండా తొట్టిలో పాత నీళ్లు తోడేసి, క్యాన్ మొత్తం అందులో వంచాడు. చేపలు ఒక్కసారిగా పైకి వచ్చాయి.

"మామా, గవి నువ్వు తాగే నీళ్లు గదా?"

"రోజుకొక్కటే క్యాన్ ఇస్తున్నరు బిడ్డా. గొట్టం నీళ్లల్ల ఇవి పూట గూడ బతుకుతలేవు. ఒక్కటి సచ్చినా నా నౌకరీ పోతదని సారు జెప్పిండు."

"మరి నువ్వేం తాగుతున్నవ్?"

అబ్బయ్య గొట్టం వైపు చెయ్యి చూపించి నవ్వాడు. చిగుళ్లు నల్లగా ఉన్నాయి. నాలుక ఇంకా నలుపు.

"అలవాటైంది బిడ్డా. ఇప్పుడు మంచినీళ్లే సప్పగ కొడ్తున్నయ్."

ఆమె తన సీసా అందించింది. "నీకు దండం పెడ్త, తాగు మామా."

అతను మూత తీసి, ఆ నీళ్లు కూడా తొట్టిలో పోశాడు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ పూట దోర్కాకూ తెలిసింది. సున్నాకు బదులు మందుల ఖర్చు వేసింది. దాని కింద ఇంకో వరుస రాసింది: నెల రోజులుగా అబ్బయ్య తాగిన నీళ్లు. ఆ గడిలో ఎంత వేయాలో ఆమెకు తోచలేదు. ఖాళీగానే వదిలి సంతకం పెట్టింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. ఆ వరుస చదివి గౌతమ్ పసుపే వేయమన్నాడు. నలుపు ఆగిపోయింది.

మర్నాడు దోర్కా అబ్బయ్యకు రెండు క్యాన్లు పంపించింది.

రెండూ అతను తొట్టిలోనే పోశాడు.