కంబమా, దిమ్మెనా?

పదవీ విరమణకు ముందూ తరువాతా నేను పెట్టుకున్న అర్జీలలో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

భూమి కదలికలు కొలిచే ఆఫీసులో నా చివరి పోస్టింగు మదనపల్లె. అక్కడిది, పుంగనూరుది, కుప్పానిది, మూడు జీపీఎస్ స్టేషన్ల బాధ్యత నాదే. స్టేషనంటే రాతిలోకి దింపిన కాంక్రీటు దిమ్మె, పైన ఉపగ్రహ సంకేతాలు అందుకునే యాంటెన్నా. అండమాన్ దగ్గర ఒక భూఫలకం మరొకదాని కిందికి దూరుతోంది. ఆ దీవుల కదలికను పుంగనూరు దిమ్మెతో పోల్చి లెక్కగట్టేవాళ్లం. మా రాతినేలను కదలనిదిగా తీసుకోవడం పద్ధతి.

ఒక వేసవిలో దక్షిణ దీవుల స్టేషన్లు మామూలు దిశకు ఎదురుగా, వారాల తరబడి, మిల్లీమీటర్ల లెక్కన జరిగాయి. భూకంపమేమీ రాలేదు. ఫలకాల మధ్య పగులు నెమ్మదిగా జారుతోందని రిపోర్టులో రాశాను. అలా జారితే పక్కన బిగుసుకుని ఉన్న భాగంపై ఒత్తిడి పెరగవచ్చు. ఆ దీవుల్లో మనుషులున్నారు.

మా డైరెక్టరు కోస్తావారు. పుంగనూరు దిమ్మే ఒరిగిందేమోనని ఆయన అనుమానం. నన్నడగకుండా, ఆ దిమ్మె ఉన్న పొలం యజమానురాలు రెడ్డెమ్మకు ఫోన్ చేశారు. స్తంభానికి పశువులను కడతారా అని అడిగారట.

"కంబానికా? కడతామప్పా. మా ఆవును ఇంగ యాడ కట్టేది, నీ ఆఫీసులోనా?"

పగులు జారుతోందని రిపోర్టులో రాసిన పేరా కొట్టేశారు. కారణం ఆవు.

మరునాడే వెళ్లాను. రెడ్డెమ్మ పశువుల కొట్టం ముందున్న పాత కరెంటు కంబం చూపించింది. ఆవు దానికే కట్టి ఉంది.

"ఇది కంబం. మీది దిమ్మె. దానికి కంచె ఏసి బీగం మీరే ఏసినారు కదప్పా, ఆవు యాడ దూరతాది? కంబానికీ దిమ్మెకీ తేడా తెలీని సారు సముద్రంలో ఏం కొలస్తాండాడు?"

మదనపల్లె, కుప్పం దిమ్మెలతో మళ్లీ లెక్కగట్టాను. అదే జవాబు వచ్చింది. పుంగనూరు దిమ్మె ఒరిగి ఉంటే దీవులన్నీ ఒకే తీరున జరిగినట్టు కనిపించాలి. జరిగినవి దక్షిణాన ఉన్నవే. ఫొటోలతో సహా అన్నీ పంపాను. సమావేశంలో డైరెక్టరు, ఆవు సంగతి ముగిసిందన్నారు. అందరూ నవ్వారు. రిటైరయ్యేదాకా నేను ఆఫీసులో ఆవు సారునే.

దీనివల్ల నేను నేర్చుకున్నది ఒకటే. ఒక వస్తువు గురించి అడిగే ముందు ఆ ఊళ్లో దాన్ని ఏమంటారో వెళ్లి తెలుసుకోవాలి. ఫోనులో తెలియదు.

ఆ డేటా ఇప్పటికీ ఆఫీసు సర్వరులోనే ఉంది. నా లెక్క తప్పయితే ఎక్కడ తప్పో చూపించండి. ఒప్పయితే ఆ పేరా తిరిగి చేర్చండి. రెంటిలో ఒకటి ఎవరైనా సంతకం పెట్టి చెప్పాలి. మళ్లీ ఆవును మాత్రం అడ్డం పెట్టకండి.