ముందు అన్నం

పిల్లలు ట్యూషన్‌కు వెళ్లిన వేళ చూసి పైవాటా సుబేదార్ గారు గుమ్మంలో నిలబడి "అన్నం తిన్నవా బిడ్డా?" అనగానే గోడ మీది మా ఆయన ఫోటో వైపు చూశాను.

సైన్యంలో జవాన్ల కుటుంబాల బాగోగులు చూడటం ఆయన పని. దానికే పతకం వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో మా వీధివాళ్లం శాలువా కప్పిన రోజు, సెలవులో ఉన్న మా ఆయన "మీ మంత్రం ఏంటి సార్?" అని వేళాకోళమాడారు.

"మంత్రమేంది అల్లుడా! చావు కబురు మోసుకపోయినప్పుడల్లా ముందు ఇంటోళ్లకు అన్నం పెట్టించిన. చెప్పినంక ముద్ద దిగదు."

ఇప్పుడు మా ఆయన సరిహద్దులో ఉన్నారు. తినలేదన్నాను. సుబేదార్ గారే అన్నం కలిపిచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. తర్వాత చెప్పారు.

ఆ రాత్రి పిల్లలకు చెప్పలేకపోయాను. పొద్దున నా ముఖం చూసి ఏమైందని అడిగారు.

"ముందు తినండి నాన్నా, తర్వాత చెప్తాను" అన్నాను.