కొరియాలో చనిపోయి టర్కీలో బతికిన అత్తగారు

పిల్లలూ, మీరు నా ఉద్యోగం గురించి అడిగినప్పుడల్లా నాకు కోటేశ్వరమ్మే గుర్తొస్తుంది. అది 2023 ఎండాకాలం. ప్రభుత్వాసుపత్రిలో రిటైరయ్యాక నరసరావుపేటలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ నర్సుగా చేరాను. కిడ్నీలు పనిచేయని వాళ్ల రక్తాన్ని మెషీన్‌లోకి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడమే డయాలసిస్. పూటంతా మంచం మీద కదలకుండా ఉండాలి. అందుకే గదిలో గోడకు టీవీ పెట్టారు.

కోటేశ్వరమ్మది రొంపిచర్ల వైపు పల్లె. మిరప చేలల్లో గట్టిపడిన చేతులు. ఫిస్టులా, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు, ఆమెకు చక్కగా కుదిరింది. ఆమె చూసే సీరియల్లో అత్తగారికీ కిడ్నీలు పాడయ్యాయి. ఆ అత్తగారిని మెషీన్ ఎక్కించిన రోజు, "మెషీన్ చప్పుడే లేదేంది? ఒట్టి డబ్బా పెట్టారు," అని గదంతా నవ్వించింది.

ఒకసారి రావాల్సిన రోజు రాలేదు. ఆ తర్వాత కోడలు సుజాత పట్టుకుని తీసుకొచ్చింది. కాళ్లు వాచాయి, ఆయాసపడుతోంది. అయినా చెయ్యి చాపదు.

"నాకొద్దు సిస్టరమ్మా. ఎట్టాగూ పోయేదానికి ఈ సూదులెందుకు?"

"పోతావని ఎవరు చెప్పారు వదినా?"

సుజాత తల దించుకుంది. ఆ సీరియల్ కథ కొరియా వాళ్లది, మనవాళ్లు దాన్నే తెలుగులో మళ్లీ తీస్తున్నారు. ముగింపు తెలుసుకోవాలన్న ఆత్రంతో సుజాత ఫోన్లో అక్కడి ఆఖరి భాగం చూసి, వంట చేస్తూ అత్తకు చెప్పేసింది. కొరియాలో అత్తగారు చనిపోతుంది.

"ఊరికే కథ చెప్పా సిస్టర్," అంది సుజాత.

"కథేందే, అది నా రోగమేగా. అంత డబ్బున్నోళ్లే బతికించుకోలేకపోయారు."

డాక్టరు గారు వచ్చి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని, ఈ పూట దాటితే ప్రాణానికే ప్రమాదమని చెప్పారు. కోటేశ్వరమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. కథను నమ్మిన మనిషికి రిపోర్టులు చూపించి లాభం లేదనిపించింది.

చిన్నీ, పూణేలో ఉన్న నీకు అప్పుడే ఫోన్ చేశాను. ఇలాంటివన్నీ నువ్వు చూస్తావు కదా. "అమ్మమ్మా, అదే కథ టర్కీ వాళ్లూ తీశారు. అక్కడ ఆవిడ చావదు, మనవరాలి పెళ్లి చేస్తుంది," అని చెప్పి వెంటనే ఆ వీడియో ముక్క పంపావు.

ఫోన్ ఆమె కళ్ల ముందు పట్టుకున్నాను. భాష తెలియకపోయినా కళ్లార్పలేదు.

"ఈమెకూ కిడ్నీలేనా?"

"అదే కథ వదినా. దేశమే వేరు."

"మరి మనోళ్లేం జేస్తారు?"

"ఇంకా తీయలేదు. నాకూ తెలవదు."

ఫోన్ పక్కకు నెట్టింది. తర్వాత చెయ్యి నా వైపు చాపి, "అయితే చూడాల్సిందేగా, కానీయ్," అంది. సూది దిగుతుంటే కోడలి వైపు చూసి, "ఏమే, ఇంకో దేశం చూసొచ్చి చెప్పావంటే ఆ ఫోను పొయ్యిలో పెడతా," అంది.

అప్పటిదాకా నేను బరువెంత, నీళ్లెన్ని తాగారు, వద్దన్న గోంగూర తిన్నారా అని మాత్రమే అడిగేదాన్ని. ఇప్పుడు ఏం చూస్తున్నారని కూడా అడుగుతున్నాను. మనుషులు దేన్ని చూసి భయపడుతున్నారో రక్తపరీక్షలో తెలియదు.

ఆ సీరియల్ ఇంకా వస్తూనే ఉంది. అత్తగారు ఇంకా మంచం మీదే ఉంది. "ఎన్నాళ్లు లాగుతారే దీన్ని," అని మొన్న కోటేశ్వరమ్మ విసుక్కుంది, నాకు చెయ్యి చాపుతూనే.

"లాగనీ అత్తా," అంది సుజాత.