పిడుగు ముందా, పిలుపు ముందా

మొన్న సాయంత్రం మబ్బు పట్టగానే ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. మన మండలంలో పిడుగులు పడతాయట, బయట ఉండొద్దట. డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్న మొగుణ్ణి మా మనవరాలు వంటింట్లోంచే పేరు పెట్టి కేకేసింది. మన ఈడువాళ్లు అలాంటి పిలుపు వింటే మొహం చిట్లిస్తారు గానీ, నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే అరవైల మొదటికి వెళ్లాలి.

అప్పుడు నేను గుంటూరులో బీయెస్సీ చదివేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్కే. చిలకలూరిపేట దగ్గరి పల్లెలో ఆమెకూ బావకూ కాస్త నల్లరేగడి చేను, అందులో మిరప. కాయలు కళ్లంలో ఎండే రోజుల్లో ఒక మధ్యాహ్నం అకాల వాన ముంచుకొచ్చింది. బావ చేను ఆ చివర కళ్లంలో కాయల మీద పట్టాలు కప్పుతున్నాడు. ఈ చివర గట్టు మీద అన్నం క్యారేజీతో నిలబడ్డ అక్క, ఉరుములకు హడలిపోయి, పెళ్లయిన నాటి నుంచి ఎన్నడూ పలకని ఆయన పేరు పలికి కేక వేసింది. అదే క్షణాన మెరిసింది. పిడుగు పడి బావ అక్కడే పోయాడు.

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మన ఆడవాళ్లు ఎంత భయపడేవారో మీకు చెప్పక్కర్లేదు, జనాభా లెక్కలవాళ్లు వచ్చినా పక్కింటావిడ చేత చెప్పించేవారు. అక్క కేక పక్కచేలో కూలీలు విన్నారు. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ఆ మాట అననే అన్నారు, వాళ్ల నోళ్లు పడిపోను! అప్పటి నుంచి ముందు తన నోట పేరు వచ్చిందా, ముందు పిడుగు పడిందా అన్న ఒక్క ప్రశ్న అక్కను కొరుక్కు తినసాగింది.

మరుసటి ఏడు మా ఫిజిక్స్ మాష్టారు సాపేక్ష సిద్ధాంతం మొదలుపెట్టి, బోర్డు మీద రైలు గీసి, దాని రెండు కొసలా రెండు పిడుగులు పడ్డాయనుకోండి అన్నారు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి అవి ఒకేసారి పడితే, రైల్లో పోయేవాడికి ఒకటి ముందూ ఒకటి వెనకా అవుతాయట. ఇద్దరి మాటా నిజమేనట. తక్కినవాళ్లు బుర్రలు గోక్కుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఏది ముందో లోకానికంతటికీ ఒకే తీర్పు లేదని సైన్సే అంటుంటే మా అక్కకు ఈ నింద ఎందుకనిపించి, శనివారం క్లాసు కాగానే బస్సెక్కాను.

అక్క వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. రైలూ పిడుగులూ అన్నీ వల్లించాను. అంతా విని, "ఆయన రైల్లో లేడు కదరా, చేలో ఉన్నాడు" అంది. అదీ నిజమే, చేలగట్ల దూరాలకు ఆ తేడా ఉన్నా లేనట్టే. అయినా పట్టు వదలక హైస్కూలు పాఠానికి దిగాను. కేకా మెరుపూ ఒకేసారి అయితే, వెలుగంత వేగం శబ్దానికి లేదు గనుక, నీ కేక గట్టు మీంచి కళ్లం చేరేలోగానే బావ పోయాడు, ఆయన చెవినే పడని పేరు ఆయన్నేం చేస్తుందని, గెలిచినవాడిలా చెప్పాను.

అక్క చేతులు ఆగిపోయాయి. "ఒక్కసారే కదరా పేరుతో పిలిచాను. అదీ వినపడలేదా ఆయనకి?" అంది. మిరప ఘాటు అంటిన ఆ చేతులతోనే కళ్లు తుడుచుకోబోతే నేను పట్టుకుని ఆపాను.

ఆ తర్వాత ఆమె నింద మాట ఎత్తలేదు, బావ మాటా ఎత్తలేదు. అక్క పోయి కూడా చాలా కాలమైంది. నేనూ మాష్టారినై ఏళ్ల తరబడి అదే రైలు బోర్డు మీద గీశాను. పిడుగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లల వైపు తిరగలేకపోయేవాణ్ణి. ఇప్పుడు పిడుగు సంగతి ఫోను ముందే చెబుతోంది, ఆడపిల్లలు మొగుళ్లను నోరారా పేరు పెట్టి పిలుచుకుంటున్నారు, చల్లగా ఉండాలి వాళ్లు. కానీ పిలుపుకూ జవాబుకూ మధ్యనుండే ఆ కాస్త జాగు నాకింకా భయమే. మొన్న డాబా మీంచి "ఆఁ, వస్తున్నా" అన్న మాట వినపడ్డాక గానీ మళ్లీ కుర్చీలో కూర్చోలేకపోయాను.