తుక్కుగూడలో పెట్టిన ప్రస్థానం

మొన్న శ్రీశైలం వెళ్తూ తుక్కుగూడలో టీకి ఆగాను. మా మేనమామ వెంట తిరిగిన యాదయ్య ఇల్లున్న చోట ఇప్పుడు మొబైల్ షాపు వెలిసింది. దాని ముందు నిలబడి టీ తాగుతుంటే, శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన మరుసటి వేసవి గుర్తొచ్చి మనసు బరువెక్కింది. అటువైపు వెళ్ళేవాళ్ళకు దారి చెప్పినట్టూ ఉంటుంది, అత్తయ్యను తలుచుకున్నట్టూ ఉంటుందని ఇది రాస్తున్నాను.

ఆ వేసవిలో మా మేనమామ మొదటిసారి ఎంపీగా గెలిచాడు. ప్రధానమంత్రి ప్రమాణ స్వీకారానికి ఢిల్లీ వెళ్ళే ఏర్పాట్లు చూసుకోవడానికి నలుగురు ఎంపీలు ఆయన ఇంట్లో కూర్చున్నారు. దేశాన్ని నడపాల్సిన పెద్దమనుషులు పూటంతా తేల్చినవి ఏ విమానం ఎక్కాలి, పంచెలా ప్యాంట్లా, పూలగుత్తి ఇవ్వాలా శాలువా కప్పాలా అన్నవే. వేడుక జరిగే హాల్లో సభ్యుడితో పాటు ఇంకొక్కరికే చోటు. ఆ ఒక్కరూ ఎన్నికల్లో తిరిగిన కార్యకర్తే కావాలని తీర్మానించారు. మామయ్య యాదయ్య పేరు చెప్పాడు. కాఫీలు అందిస్తున్న అత్తయ్య ముఖం చిన్నబోయింది. ఎన్నికలన్నాళ్ళూ వచ్చిపోయేవాళ్ళందరికీ వండి పెట్టింది ఆవిడే. "ఆ హాల్లో ఆడవాళ్ళు కూడా కూర్చుంటారటరా?" అని ముందు రోజే నన్ను అడిగింది కూడా.

ప్రయాణం మంగళవారం పడింది. వాళ్ళలో పెద్దాయన అభ్యంతరం చెప్పి, మార్గం కూడా తనే చూపాడు. ప్రయాణం చేసేవాళ్ళ బట్టలు సోమవారం మంచి వేళకు దారిలో ఎవరింట్లోనైనా ప్రస్థానం పెడితే, ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. పెట్టాక వెనక్కి మాత్రం తేకూడదు. తుక్కుగూడలో యాదయ్య ఇల్లు ఖాయమైంది. ఢిల్లీ ఉత్తరాన, తుక్కుగూడ దక్షిణాన కదా అని నేను గొణిగితే, "విమానం ఎక్కేది అటేగా" అని కొట్టిపారేశారు.

సోమవారం పొద్దున్నే అత్తయ్య సర్దిచ్చిన బ్యాగుతో చాంద్రాయణగుట్టలో ఆటో ఎక్కాను. నూటయాభై అడిగాడు. పహాడీషరీఫ్ దాటాక డ్రైవర్ అద్దంలో చూశాడు.

"ఏందన్నా, బ్యాగును గట్ల ఒళ్ళె పెట్టుకున్నవ్?"

"ఎంపీ గారి ప్రయాణం ఇందులో ఉంది," అన్నాను.

"అయితె జర మెల్లగ పోత," అన్నాడు నవ్వుతూ.

యాదయ్య బ్యాగును దేవుడి అల్మారా పక్కన పెట్టించాడు. ఢిల్లీ కోసం కుట్టించుకున్న తెల్ల చొక్కా చూపించి మురిసిపోయాడు. వాళ్ళావిడ పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు రుచి ఇప్పటికీ నోట్లోనే ఉంది.

మర్నాడు మామయ్య, సాగనంపడానికి అత్తయ్య, వాళ్ళతో నేను కారులో అక్కడికి చేరాం. కొత్త పంచె కట్టుకుందామని మామయ్య బ్యాగు తెరిచాడు. పంచె కింద అత్తయ్య గద్వాల చీర మడత పెట్టి ఉంది.

"ఇదేంటి?"

అత్తయ్య గోడవైపు చూస్తూ అంది. "ప్రయాణం చేసేవాళ్ళ బట్టలు పెట్టమన్నారుగా."

యాదయ్య తన తెల్ల చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు.

"అక్క నిన్ననే బయల్దేరింది సార్. ఇగ ఎట్ల మళ్లగొడ్తం? నేను టీవీల చూస్త తియ్యండి."

ఆ తెల్ల చొక్కాతోనే కారు నడిపి, అరగంటలో మమ్మల్ని విమానాశ్రయంలో దించాడు. గాజు తలుపుల్లోంచి గద్వాల చీర లోపలికి వెళ్తుంటే చెయ్యూపింది మొదట అతనే.

ఢిల్లీ నుంచి వచ్చాక ఎలా జరిగిందని అడిగితే, "గంట కూడా పట్టలేదురా," అంది అత్తయ్య. ఆ గంట గురించి మాత్రం ఏళ్ళ తరబడి చెప్పింది. యాదయ్య వచ్చినప్పుడల్లా అతని పక్కన కూర్చుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పేది. అతనూ కొత్తగా వింటున్నట్టే వినేవాడు. ఇప్పుడు ఆవిడ లేదు, ఆ ఇల్లూ లేదు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నాకు అత్తయ్య, యాదయ్య ఇద్దరూ గుర్తొస్తారు.

చివరగా ఒక్క సలహా. మీ బ్యాగు సర్దేవాళ్ళను "నువ్వూ వస్తావా?" అని ముందే అడగండి. విమానాశ్రయం కౌంటర్లో అప్పటికప్పుడు కొనే టికెట్టు చాలా ఖరీదు.